మియా మిట్టూ - రామచిలక

మా అమ్మీకి డెబ్భై దాటాయి. తెల్లారి ఫజర్ నమాజు కాగానే జానమాజ్ మడిచిపెట్టి, డబ్బాలో ఇన్ని నూకలు పోసుకుని మిద్దె ఎక్కుతుంది. మోకాళ్ళ నొప్పులు. మెట్టుకొకసారి 'యా అల్లా' అనుకుంటూ ఎక్కుతుంది. రేణిగుంటలో మా మిద్దె మీద నిలబడితే ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క ఏడుకొండల వరస కనబడతాయి. అమ్మీ 'ఆవ్ ఆవ్' అంటూ నూకలు చల్లుతుంది. ముందు పావురాలు దిగుతాయి. కాసేపటికి చిలకలు అరుచుకుంటూ వచ్చి పిట్టగోడ మీద వాలతాయి. మెడలు అటూ ఇటూ తిప్పి చూసుకుని అవీ దిగుతాయి. బూడిదరంగు మధ్య పచ్చరంగు. అబ్బ రిటైరై ఈ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి, అంటే ఇరవై ఏళ్ళుగా, ఇదే వరస.

ఈమధ్య ఒకరోజు పక్కింటామె గోడ దగ్గరికొచ్చింది. అమ్మీకంటే నాలుగేళ్ళు చిన్నది. మా ఇంట్లో పెళ్ళిళ్ళకు వాళ్ళూ, వాళ్ళింట్లో చావుకు మేమూ నిలబడినవాళ్ళం.

"బూబక్కా, ఒగ మాట. ఏమనుకోబాక. మీ పావురాల్తో మా మనవడికి ఆయాసం జాస్తయిపోతా ఉండాది. డాక్టరు గూడా అదే చెప్పినాడు. చిలకలొస్తే రానీ, రామచిలకలు, ఇంటికి మంచిది. ఆ పావురాలే వద్దు."

అమ్మీ సరేనని కిందికి దిగొచ్చింది. టీ చల్లారిపోయేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకే మాట అంది. "కబూతర్ హమారే హోగయే, తోతే ఉన్‌కే హోగయే." పావురాలు మనవైపోయాయి, చిలకలు వాళ్ళవైపోయాయి.

బిడ్డ ఆయాసం మాకు అర్థమైంది. మేమూ పిల్లల్ని కన్నవాళ్ళమే. కానీ 'మీ పావురాలు' అన్న మాట దగ్గర మేము ఆగిపోయాం. ఒకే గింజ తిని ఒకే ఆకాశంలోకి ఎగిరిపోయే రెండు పిట్టల్ని మతాల వారీగా ఎవరు పంచారు? ఎప్పుడు పంచారు? ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాం.

మేము నలుగురం తోబుట్టువులం. పుట్టి పెరిగింది రేణిగుంట జంక్షన్‌లోనే. అబ్బ గూడ్సు షెడ్డులో గుమాస్తా. అటు గూడూరు, ఇటు అరక్కోణం, పైన కడప, పక్కన తిరుపతి. నాలుగు దిక్కుల రైళ్ళూ మా ఊళ్ళో కలుస్తాయి. 1980లలో బియ్యం, గోధుమలు గోనెసంచుల్లో దిగేవి. హమాలీలు ఇనుప కొక్కేలతో సంచిని లాగి వీపు మీద వేసుకునేవాళ్ళు. కొక్కెం దిగిన చోటల్లా గోనెకు చిల్లు. వ్యాగన్ నుంచి షెడ్డు దాకా గింజల దారి పడేది. ఆ దారి మీద పావురాలు నడిచేవి. చిలకలు మాత్రం కిందపడ్డ గింజతో సరిపెట్టుకోవు. సంచి మీదే వాలి, గోనెను ముక్కుతో చించి తీసుకునేవి. వాటి వెనక జారిపడ్డది పావురాలకు. స్కూలు లేని రోజుల్లో మేము అబ్బకు క్యారియర్ తీసుకెళ్ళి, షెడ్డు మెట్ల మీద కూర్చుని అదంతా చూసేవాళ్ళం.

రాత్రి దాదీ దగ్గర పడుకుంటే పావురం కథ చెప్పేది. పైగంబర్ సాహెబ్ మక్కా వదిలి మదీనాకు పోతూ సౌర్ గుహలో దాక్కున్నారట. తరుముకొచ్చినవాళ్ళు గుహ దాకా వచ్చారట. గుహ మూతికి సాలెపురుగు గూడు కట్టి ఉంది, అక్కడే పావురం గుడ్ల మీద కూర్చుని ఉంది. లోపలికి మనిషి పోయి ఉంటే గూడు తెగేది కదా, పిట్ట లేచిపోయేది కదా అనుకుని వెనక్కి తిరిగారట. 'అందుకే కబూతర్‌ను కొట్టకూడదు, సాలీడును తొక్కకూడదు' అనేది దాదీ.

మా క్వార్టర్స్‌లో ఎదురింటి అవ్వ కూడా సాలీడు కథే చెప్పేది. మా ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో శ్రీకాళహస్తి. శివలింగానికి గూడు కట్టి పూజించిన సాలీడు, పాము, ఏనుగు మోక్షం పొందిన చోటు. 'శ్రీ' అంటే సాలీడే. ధూర్జటి పద్యాలు మేము డిగ్రీలో చదివాం గానీ ఆ కథ అంతకు ముందే అవ్వ నోట విన్నాం. మా చిన్న బుర్రల్లో రెండు సాలీళ్ళూ ఒకటే. పొద్దున కాళహస్తిలో గూడు కట్టి, సాయంత్రానికి సౌర్ గుహకు పోయేదని మా నమ్మకం. దాదీగానీ అవ్వగానీ ఆ నమ్మకాన్ని సరిదిద్దలేదు.

సరిదిద్దింది బడి. మూడో తరగతిలో అయ్యవారు చిలక బొమ్మ చూపించి ఇదేమని అడిగారు. మా తమ్ముడు లేచి 'మియా మిట్టూ' అన్నాడు. క్లాసంతా నవ్వింది. అయ్యవారు కూడా నవ్వి 'అది మీ ఇంట్లోరా, ఇక్కడ రామచిలక' అన్నారు. ఆయనకు మా మీద ద్వేషమేమీ లేదు. పిల్లల్ని ప్రేమగా చూసిన మనిషే. కానీ ఆ రోజు నుంచి మాకు రెండు భాషలు కాస్తా రెండు ఇళ్ళయ్యాయి. ఒకటి ఇంటి పేరు, ఒకటి బయటి పేరు. బయటికి పోయేటప్పుడు ఏ పేరు వేసుకుని పోవాలో చూసుకోవడం అప్పటి నుంచే అలవాటైంది.

ఆ చిలక సంగతి తెలుసుకుంటే నవ్వినవాళ్ళకే సిగ్గేస్తుంది. సంస్కృతంలో శుకసప్తతి ఉంది. రాత్రికొక కథ చెప్పి ఇంటి ఇల్లాలిని గడప దాటకుండా ఆపిన చిలక అది. అదే చిలకను 14వ శతాబ్దంలో నక్షబీ పారశీకంలోకి తీసుకెళ్ళి తూతీనామా చేశాడు. అక్బరు దానికి బొమ్మలు వేయించాడు. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో హైదర్ బక్ష్ హైదరీ దాన్ని ఉర్దూలో తోతా కహానీగా రాశాడు. తెలుగులో పాలవేకరి కదిరీపతి శుకసప్తతిగా పద్యాల్లో చెప్పాడు. రెండు మతాలవాళ్ళకూ కథలు చెప్పి పోషించిన పిట్టకు ఒకే మతం ముద్ర వేశారు.

పావురానిదీ అదే సంగతి. హైదరాబాదులో మక్కా మసీదు ముందు పావురాల్ని చూసి అది సాయిబుల పిట్ట అనుకుంటారు. శిబి చక్రవర్తి తొడ కోసి ఇచ్చింది ఏ పిట్ట కోసం? అమర్‌నాథ్ గుహలో శివుడు పార్వతికి చెప్పిన రహస్యం విని చావు లేకుండా పోయాయని భక్తులు చెప్పుకునే జంట ఏ పిట్టలు?

మా చిత్తూరు మామిడి రైతునడగండి. ఆయన తోట నిండా తోతాపురి. రసం ఫ్యాక్టరీలకు లారీల్లో పోయేది అదే. కాయ కొన చిలక ముక్కులా వంగి ఉంటుంది కాబట్టి ఆ పేరు. తోతా ఉర్దూ మాట. బొట్టు పెట్టుకుని, గోవిందా అనుకుంటూ తోటకు పోయే రైతు రోజుకు పదిసార్లు ఆ మాట అంటాడు. ఎవరూ ఆయన్ని నవ్వలేదు. కాయకు అంటుకున్న ఉర్దూ తియ్యగా ఉంటుంది. మనిషికి అంటుకుంటేనే అడ్డం వస్తుంది.

1992 డిసెంబరు 6. బాబ్రీ మసీదు కూలింది. ఆ వారం అమ్మీ మమ్మల్ని గడప దాటనివ్వలేదు. అబ్బ మాత్రం డ్యూటీకి పోయాడు. ఒక సాయంత్రం వచ్చి చెప్పాడు. షెడ్డులో ఒక కొత్త కుర్రాడు గింజలు తింటున్న పావురాల మీదికి రాయి విసిరి 'పోండి, పాకిస్తాన్‌కు పోండి' అన్నాడట. నలుగురు నవ్వారట. నామాలు పెట్టుకునే ఒక ముసలి హమాలీ మాత్రం 'తినే నోటికాడ రాయేస్తావేంరా, పాపిష్టోడా' అని వాడి చేతిలో రెండో రాయి లాక్కున్నాడట. అబ్బ ఆ ముసలాయన మంచితనం చెప్పాలనుకున్నాడు. మాకు మనసులో నిలిచింది ఇంకోటి. 'చిలకలో?' అని అడిగింది మా అక్క. 'అవీ లేచిపోయినాయి' అన్నాడు అబ్బ. వాడు రాయి వేసింది ఒకదానికి. లేచిపోయినవి రెండూ.

పెద్దయ్యాం. పత్రికల్లో చేరాం. ఉర్దూలో చదువుతాం, తెలుగులో రాస్తాం. కొన్నేళ్ళ కింద చెన్నై ట్రిప్లికేన్‌కు పోయాం, 'ముసల్మాన్' పత్రిక ఆఫీసు చూడాలని. 1927లో మొదలై దశాబ్దాల పాటు కాతిబ్‌లు చేత్తో రాసిన ఉర్దూ దినపత్రిక అది. 1795లో ఆర్కాటు నవాబులు కట్టించిన వాలాజా మసీదు పక్కనే చిన్న ఆఫీసు. అక్కడ ఒకాయన 'ఇంత దూరం వచ్చారు, సాయంత్రం రాయపేటలో చిలకల్ని చూసి పోండి' అన్నాడు. నడిచిపోయేంత దూరం. భారతీ సాలై మీద జోసెఫ్ శేఖర్ అనే ఆయన ఇల్లు. కెమెరాలు బాగుచేసేవాడు. మిద్దె మీద పలకలు పరిచి నానబెట్టిన బియ్యం పెట్టేవాడు. 2004 డిసెంబరు సునామీ తర్వాత మొదట ఒకటి రెండు చిలకలు వచ్చాయని, తర్వాత వేలల్లోకి పెరిగాయని ఆయన గురించి పత్రికలన్నీ రాశాయి. మేము చూసిన సాయంత్రం కరెంటు తీగలన్నీ పచ్చగా ఉన్నాయి. పలకల మీద చిలకలు, అంచుల్లో పావురాలు. కింద రోడ్డు మీద టోపీవాళ్ళు, నామాలవాళ్ళు, బురఖా వేసుకున్న ఆడవాళ్ళు తలలెత్తి నిలబడ్డారు. క్రైస్తవుడు పెట్టిన బియ్యం రామచిలకలు తింటున్నాయి. పావురాలూ తింటున్నాయి. వండింది ఎవరని ఏ పిట్టా అడగలేదు.

ఆ తర్వాత ఒకరోజు డెస్కులో ఒక ఫోటో చూశాం. సిడ్నీ నగరంలో పేవ్‌మెంటు మీద తెల్లటి కాకతువలు, నెత్తిన పసుపు తురాయితో, పావురాల గుంపులో కలిసి రొట్టె ముక్కలు తింటున్నాయి. కాకతువ ఆస్ట్రేలియా అడవుల పిట్ట. ఊరు అడవిలోకి వచ్చేసరికి అదీ ఊళ్ళోకి వచ్చింది. చెత్తడబ్బాల మూతలు ముక్కుతో ఎత్తడం నేర్చింది. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుని ఆ విద్య 2019 చివరికి 44 పేటలకు పాకిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అక్కడ కాకతువ స్థానికం. పావురం యూరప్ వలసదార్ల వెంట వచ్చిన పరాయిది.

హాంకాంగ్‌కు పోతే లెక్క తలకిందులు. అక్కడా నడివూళ్ళో కాకతువలు తిరుగుతాయి, సుమారు 200. ఇండోనేషియా, తైమూరు దీవుల నుంచి పంజరాల్లో తెచ్చి అమ్మిన పిట్టలు తప్పించుకుని పెంచుకున్న సంతతి. పుట్టిన దీవుల్లో ఆ జాతి అంతరించే దశలో ఉంది. పరాయి ఊళ్ళో బతికింది. ఇక మన రామచిలక సంగతి. 1960ల చివరి నుంచి లండన్ పార్కుల్లో గూళ్ళు కట్టుకుని వేలల్లోకి పెరిగింది. అక్కడ దాన్ని వలస పిట్ట అంటారు, మా పిట్టల గూళ్ళు ఆక్రమిస్తోందంటారు, ఎక్కువ పిల్లల్ని పెడుతోందంటారు. ఆ మాటలు చదువుతుంటే మాకు ఎక్కడో విన్నట్టే ఉంది. ఇక్కడ మమ్మల్ని అనే మాటలన్నీ అక్కడ రామచిలకను అంటున్నారు.

స్థానికుడెవడు, పరాయివాడెవడు అన్నది పిట్ట ఒంటి మీద రాసి ఉండదు. లెక్క ఎవరి చేతిలో ఉంది, ఎప్పటి నుంచి మొదలుపెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 13వ శతాబ్దంలో ఈజిప్టు సుల్తాను అల్ కామిల్ ఒక తెల్ల కాకతువను సిసిలీలో ఉండే క్రైస్తవ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్‌కు కానుకగా పంపాడు. శిలువ యుద్ధాల కాలం. 1229లో వాళ్ళిద్దరూ యుద్ధం చేయకుండానే జెరూసలేం మీద ఒప్పందానికి వచ్చారు. ఫ్రెడరిక్ రాసిన డేగల వేట పుస్తకంలో ఆ కాకతువ బొమ్మలు నాలుగున్నాయి. వాటికన్ గ్రంథాలయంలో ఉన్న ఆ బొమ్మల సంగతి 2018లో పరిశోధకులు లోకానికి చెప్పారు. ఆ పిట్ట ఏ దీవిలో పుట్టిందో, ఎన్ని ఓడలెక్కిందో, ఎన్ని భాషలవాళ్ళ చేతి గింజలు తిందో!

ఇంతవరకు చదివి, మేము పిట్టల్ని చూపించి 'అందరం కలిసి ఉందాం' అని ముగిస్తామనుకుంటున్నారేమో. ఆ పాట మాకు చాలాసార్లు వినిపించారు. రంజాన్ నెలలో ఇఫ్తార్ విందులకు టోపీలు పెట్టుకొచ్చి ఫోటోలు దిగుతారు. మా హలీం బాగుంటుంది, మా షీర్‌ఖుర్మా బాగుంటుంది. ఉద్యోగం తిరుపతికి మారినప్పుడు మేము పదకొండు ఇళ్ళు చూశాం. ఫోనులో తెలుగు విని రమ్మన్నవాళ్ళు గుమ్మంలో పేరు విని 'నిన్ననే అడ్వాన్సు తీసుకున్నాం' అన్నారు. ఒకాయన మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు. పంక్తిలో కూర్చోబెట్టారు గానీ వాలడానికి కొమ్మ ఇవ్వలేదు.

అందుకే మేము పిట్టల్ని సరిగ్గా చూడమంటున్నాం. అవి స్నేహం కొద్దీ కలిసి తినడం లేదు. గింజ ఉంది కాబట్టి తింటున్నాయి. పావురం గింజను ఒలవలేదు. పొట్టుతో సహా మింగుతుంది, కడుపులో చిన్న రాళ్ళు నూరిపెడతాయి. చిలక కాలితో పట్టుకుని, ముక్కుతో ఒలిచి, సగం తిని సగం పారేస్తుంది. నీళ్ళు కూడా తలా ఒకలా తాగుతాయి. పావురం ముక్కు ముంచి తల ఎత్తకుండా పీలుస్తుంది. చిలక చిన్న చిన్న గుక్కలు. కసురుకుంటాయి, ముక్కు చాపి బెదిరించుకుంటాయి, ఒక జానెడు దూరం పెట్టుకుంటాయి. మళ్ళీ తింటాయి. పిల్లి కనబడితే ఎవరు ముందు చూస్తే వాళ్ళతోపాటు అందరూ లేస్తారు. గింజ కోసం పావురాన్ని చిలకగా మారమని ఎవరూ అడగడం లేదు. 'గుటర్‌గూ మానేసి మా పలుకు పలుకు, అప్పుడు నువ్వు మాదానివే' అని పరీక్ష పెట్టడం లేదు. కలిసి తినడమంటే ఒకటైపోవడం కాదు. మాకు కావలసింది అంతే. మా పేరుతో, మా పలుకుతో, ఇదే మిద్దె మీద చోటు.

ఇక పక్కింటి బిడ్డ సంగతి. పావురాల రెట్ట ఎండి ధూళిగా లేస్తే కొందరి ఊపిరితిత్తులకు చేటే. డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. 2025 జూలైలో ముంబైలో కబూతర్‌ఖానాలు మూయించింది ఈ కారణంతోనే. అక్కడ మూయొద్దని రోడ్డెక్కినవాళ్ళు జైనులు. జీవదయ వాళ్ళ ధర్మం. అంటే ముంబైలో పావురం జైను, రేణిగుంటలో సాయిబు! రోగం మాత్రం రెండుచోట్లా ఒకటే. పైగా చిలక రెట్ట మాత్రం అమృతమా? అదీ జబ్బు చేసేదే. 'ఈ మిద్దె మీద గింజలు చల్లడం వల్ల మా బిడ్డకు ఆయాసం వస్తోంది' అంటే అది న్యాయమైన మాట. దానికి మేము తలవంచాలి. 'మీ పావురాలు' అంటే తలవంచలేం.

అమ్మీ పది రోజులు నూకలు చల్లలేదు. పిట్టలు వచ్చేవి. పావురాలు ఖాళీ మిద్దె మీద ఇటూ అటూ నడిచేవి. చిలకలు పిట్టగోడ మీద కూర్చుని అరిచి పోయేవి. అమ్మీ వంటింట్లో కూర్చుని ఆ అరుపులు వినేది. పదకొండో రోజు అమ్మీ మమ్మల్ని వెంటబెట్టుకుని పక్కింటికి పోయింది.

"చెల్లీ, నీ మనవడు నా మనవడు కాదా? గింజలు పట్టాల వైపు మూలన, పిడికెడే ఏస్తాం. దినామూ నీళ్ళు పోసి కడుగుతాం. నీ ట్యాంకు మీద మూత మేమే ఏయిస్తాం. అట్లా చేసినా బిడ్డకు తగ్గకపోతే మానేస్తాం. చిలకలకూ మానేస్తాం, పావురాలకూ మానేస్తాం. ఒగదానికి ఏసి ఒగదాన్ని తరమడం నాకు చాతగాదు."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నేనేదో నోరు జారితిని గానీ..." అని ఆగిపోయింది. వాక్యం పూర్తి చేయలేదు. మేము పూర్తి చేయమని అడగలేదు. కాఫీ ఇచ్చింది, తాగి వచ్చాం.

ఇప్పుడు పిడికెడు నూకలే. పట్టాల వైపు మూలన. అమ్మీ కడగలేదు, మేము కడుగుతున్నాం. పిల్లాడికి కొంచెం నయమేనంటున్నారు. వాన తగ్గినందుకా, మందు మారినందుకా, మిద్దె కడిగినందుకా చెప్పలేం. మొన్న వాళ్ళ మిద్దె మీద నిలబడి మా వైపు చూస్తున్నాడు. మూతికి మాస్కు ఉంది. అమ్మీ 'మియా మిట్టూ, ఆవ్' అని పిలుస్తోంది.

"అవ్వా, అది రామచిలక" అన్నాడు.

"అవునప్పా, అది గూడా దాని పేరే" అంది అమ్మీ.

వాడు కాసేపు ఆలోచించి, మాస్కు కిందికి లాగి, "మియా మిట్టూ" అని పిలిచి చూశాడు. ఎవరూ నవ్వలేదు.